ఊగే చేయి, కదలని సైట్లు

పిస్టల్‌ను మొదటిసారి ఒంటిచేత్తో ఎత్తి, పది మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్ వైపు చాచిన ప్రతి ఒక్కరికీ ముందుగా కనిపించేది తన చేయి ఎంతగా ఊగుతోందన్నదే. నాకూ అదే కనిపించింది. కిలోకు అటూ ఇటూగా బరువుండే ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో పనిచేసే పిస్టల్) మొదటి నిమిషంలో తేలికగానే అనిపించింది కానీ, పదో షాట్ దాటేసరికి భుజం బరువెక్కి, ఫ్రంట్ సైట్ (గురి చూడడానికి పిస్టల్ ముందు చివర ఉండే చిన్న నల్లటి దిమ్మ) టార్గెట్ మధ్యలోని నల్లటి వృత్తం కింద ఒక్క క్షణం కూడా ఒకచోట నిలవలేదు. ఈ ఊపు ఆగితే తప్ప షూటింగ్ రాదని నమ్మి, దాదాపు నాలుగు నెలలు దాన్ని ఆపడానికే శ్రమపడ్డాను. ఆ శ్రమ తప్పు చోట పెట్టానని ఇప్పుడు తెలుసు కనుక, పోటీ షూటింగ్ మొదలుపెట్టాలనుకునేవారి కోసం అది ఎందుకు తప్పో వివరంగా రాస్తున్నాను.

నేను మాట్లాడుతున్నది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి. 1988 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఈ పోటీలో పెల్లెట్ అనే 4.5 మిల్లీమీటర్ల చిన్న గుండుతో 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. దానికి ముందు సిద్ధం కావడానికీ, స్కోరులో చేరని సైటింగ్ షాట్లు ఎన్నైనా కొట్టుకోవడానికీ 15 నిమిషాలు ఇస్తారు. టార్గెట్ నడిమధ్యన పది పాయింట్లు ఇచ్చే పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. పిస్టల్‌ను ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, మణికట్టుకు ఏ ఆధారమూ ఉండకూడదు. ఆ చేతికి గడియారం కూడా పెట్టుకోనివ్వరు. 25 మీటర్ల పోటీల వైపు తర్వాత వెళ్లాలనుకునేవారు కూడా ఇక్కడే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఎయిర్ పిస్టల్‌కు రీకాయిల్, అంటే పేలినప్పుడు వెనక్కు తన్నడం, దాదాపు ఉండదు కాబట్టి మన తప్పును దాచిపెట్టే శబ్దమూ కుదుపూ ఉండవు. షాట్ పక్కకు పోతే అందుకు కారణం మనమేనని వెంటనే తెలిసిపోతుంది.

గురి కంటే ముందు నేర్చుకోవలసినది భద్రత. పిస్టల్ నిండి ఉన్నా ఖాళీగా ఉన్నా బ్యారెల్ (గొట్టం) ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. సైట్లు గురికి చేరేవరకు వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లకూడదు. ఆదేశం వచ్చేవరకు పెల్లెట్ పెట్టకూడదు. షూటింగ్ లేనప్పుడు బ్యారెల్‌లో పెల్లెట్ లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. పక్క లేన్‌లోని వారు ఏదో అడిగారని పిస్టల్‌తో సహా అటు తిరగడం కొత్తవారు తరచుగా చేసే అత్యంత ప్రమాదకరమైన పొరపాటు. ముందు పిస్టల్‌ను బల్ల మీద పెట్టి, ఆ తర్వాత తల తిప్పడం మొదటి రోజు నుంచే శరీరానికి అలవాటు కావాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక రేంజ్ నుంచి బయటకు రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవడం కూడా భద్రతలో భాగమే.

సామగ్రి గురించి ఎక్కువ రాయను. మొదటి కొన్ని నెలలు క్లబ్‌లో ఉన్న పిస్టల్ చాలు. సొంతది కొనే రోజు వచ్చినప్పుడు బ్రాండ్ కంటే, చెక్క గ్రిప్ (పిడి) మీ చేతికి సరిపోతుందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. సరిపోకపోతే ఆకురాయితో అరగదీసి, ఖాళీ ఉన్నచోట పుట్టీ నింపి సరిచేసుకోవచ్చు. పలచటి, సమతలమైన అడుగున్న బూట్లు చాలు. ఖరీదైన పిస్టల్ కొన్న నెలలో స్కోరు పెరిగినవారు నాకు తెలుసు, ఆ తర్వాతి నెలలో పాత స్కోరుకే తిరిగి వచ్చినవారూ వాళ్లే.

నిలబడే తీరులో కీలకమైన విషయం ఒక్కటే. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, రెండో చేతిని జేబులో పెట్టుకొని లేదా బెల్టుకు తగిలించుకొని, కళ్లు మూసుకొని పిస్టల్‌ను ఎత్తండి. రెండు శ్వాసల తర్వాత కళ్లు తెరిచి చూస్తే చేయి టార్గెట్‌కు ఎడమవైపో కుడివైపో చూపిస్తూ ఉంటుంది. అక్కడ చేతిని లాగి సరిచేయడం సహజంగా అనిపిస్తుంది కానీ, అలా లాగిన కండరం షాట్ పేలే క్షణంలో తన పాత చోటికే వెళ్లాలని చూస్తుంది. కాబట్టి చేతిని కాదు, పాదాలను కదపాలి. వెనుక పాదాన్ని రెండు మూడు సెంటీమీటర్లు జరిపి మళ్లీ కళ్లు మూసుకొని ఎత్తాలి; కళ్లు తెరిచినప్పుడు చేయి దానంతటదే టార్గెట్ మధ్యరేఖ మీద ఉండేవరకు ఇలా చేస్తూ పోవాలి. పోటీ మధ్యలో షాట్లు ఒక పక్కకే పోతుంటే నేను ఇప్పటికీ మొదట చూసుకునేది పాదాలనే.

గ్రిప్‌లో బలం కంటే ముఖ్యమైనది ప్రతిసారీ ఒకేలా పట్టుకోవడం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మపు వంపు గ్రిప్ వెనుక భాగంలో వీలైనంత పైకి చేరాలి. మధ్యవేలు, ఉంగరపు వేలు పిస్టల్‌ను నేరుగా వెనక్కు నొక్కాలి. బొటనవేలు ఊరికే ఆని ఉండాలి. చూపుడువేలు ఈ పట్టులో పాలుపంచుకోకుండా స్వేచ్ఛగా ఉండాలి. మణికట్టు మాత్రం గట్టిగా బిగిసి ఉండాలి. పట్టు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మా కోచ్ నేర్పిన పద్ధతి చాలా సులువైనది: కళ్లు మూసుకొని ఎత్తి, తెరిచి చూసినప్పుడు ఫ్రంట్ సైట్, పిస్టల్ వెనుక భాగంలో ఉండే రియర్ సైట్ గాడి మధ్యలోనే కనిపిస్తే పట్టు కుదిరినట్టు, కనిపించకపోతే పిస్టల్‌ను కింద పెట్టి మొదటి నుంచి పట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. పిస్టల్ గురిలో రెండు రకాల తప్పులున్నాయి, వాటి పరిమాణాల్లో ఉన్న తేడా అర్థమైన రోజే నా షూటింగ్ మారింది. మొదటిది, సైట్లు రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిరి ఉండగానే చేయి మొత్తం పక్కకు జరగడం. చేయి ఇలా 1 మిల్లీమీటరు జరిగితే టార్గెట్ మీద తగిలే చోటు కూడా 1 మిల్లీమీటరే జరుగుతుంది. రెండోది, మణికట్టు స్వల్పంగా వంగి, ఫ్రంట్ సైట్ రియర్ సైట్ గాడిలో ఒక పక్కకు పోవడం. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకుంటే, ఇక్కడ 1 మిల్లీమీటరు తేడా పది మీటర్ల దూరంలో 30 మిల్లీమీటర్లవుతుంది. ఒక్కో రింగుకు మధ్య దూరం 8 మిల్లీమీటర్లే కనుక, పదిలో తగలవలసిన పెల్లెట్ ఏడులోకి పోతుంది. కంటికి పెద్దగా కనిపించే చేతి ఊపు చేసే నష్టం చిన్నది, దాదాపు కనిపించని మణికట్టు వంపు చేసే నష్టం దానికి ముప్పై రెట్లు. నేను నాలుగు నెలలు మొదటిదానితో పోరాడుతూ రెండోదాన్ని పట్టించుకోలేదు.

అందుకే చూపు ఫ్రంట్ సైట్ మీద ఉండాలి, టార్గెట్ మీద కాదు. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు; టార్గెట్ స్పష్టంగా ఉంటే సైట్ మసకబారుతుంది, అప్పుడు గాడిలో అది పక్కకు పోయినా తెలియదు. ఫ్రంట్ సైట్ అంచులు పదునుగా, దానికి రెండు వైపులా గాడిలో కనిపించే వెలుతురు చారలు సమానంగా, పై అంచులు ఒకే గీతలో ఉండాలి. దూరాన నల్లటి వృత్తం మబ్బులా కనిపిస్తే చాలు. సైట్ పై అంచును ఆ నలుపు మధ్యలో కాక, దాని కింద తెల్లని భాగంలో ఉంచుతారు. నలుపు మీద నల్లటి సైట్ కనిపించదు కాబట్టి ఈ ఏర్పాటు. పెల్లెట్ మధ్యలో తగిలేలా రియర్ సైట్‌ను ముందే సరిచేసుకుంటారు. అక్కడ కూడా ఒక బిందువును కాదు, ఒక ప్రాంతాన్ని గురిగా తీసుకోవాలి. ఆ ప్రాంతంలో సైట్లు నెమ్మదిగా తిరుగుతూనే ఉంటాయి, వాటిని తిరగనివ్వాలి.

ఇలా తిరగనివ్వడం చెప్పినంత తేలిక కాదు. సైట్లు సరైన చోటుకు వచ్చాయని కన్ను చూసిన మరుక్షణమే ట్రిగ్గర్ లాగాలనిపిస్తుంది. చూసిన దానికి వేలు స్పందించడానికి మనిషికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది, ఆ లోపు సైట్లు ఆ చోటు దాటిపోతాయి. అంతకంటే పెద్ద నష్టం, తొందరపడిన వేలుతో పాటు అరచేయి అంతా బిగుసుకొని, మణికట్టు కిందికి వంగుతుంది. కుడిచేత్తో కొట్టేవారి షాట్లు కింద ఎడమవైపు చేరుతున్నాయంటే చాలావరకు కారణం ఇదే. అప్పుడు సైట్ స్క్రూలు తిప్పి ఆ గుంపును మధ్యకు తెచ్చుకోవడం మాత్రం చేయకండి. తప్పు వేలిలో ఉండగా సైట్లను మార్చితే, మరునాడు వేలు సరిగ్గా పనిచేసిన ప్రతి షాటూ పైన కుడివైపు పోతుంది.

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలన్నది నియమం. సాధారణంగా అది రెండు దశల్లో పనిచేస్తుంది: ముందు తేలికగా వెనక్కు వచ్చి ఒకచోట ఆగుతుంది, ఇంకా నొక్కితే పేలుతుంది. పిస్టల్ గురి ప్రాంతంలోకి దిగగానే మొదటి దశను పూర్తి చేసి, సైట్లు కుదిరాక వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో నేరుగా వెనక్కు, ఆగకుండా, వేగం మారకుండా ఒత్తిడి పెంచుతూ పోవాలి. ఏ క్షణంలో పేలుతుందో ముందుగా నిర్ణయించుకోకూడదు. పేలిన తర్వాత కూడా ఒకటి రెండు సెకన్లు చేయి దించకుండా, వేలు వదలకుండా, సైట్లను చూస్తూనే ఉండాలి. పెల్లెట్ బ్యారెల్ దాటడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. త్వరగా దించే అలవాటున్న చేయి పేలకముందే దిగడం మొదలుపెడుతుంది.

దీన్ని నేర్పడానికి మా కోచ్ టార్గెట్ కార్డును వెనక్కు తిప్పి, తెల్లటి వైపు నాకు పెట్టి, రెండు వారాలు దానిమీదే కొట్టించారు. స్కోరు లేని షూటింగ్ నాకు మొదట చాలా బాధగా అనిపించింది. కానీ ఆ తెల్లటి కాగితం మీద పట్టుకోవడానికి పది లేదు కాబట్టి వేలు తొందరపడడానికి కారణమూ లేకపోయింది. మూడో రోజుకే షాట్లన్నీ నేను ఊహించనంత దగ్గరగా ఒకచోట చేరాయి. అదే చేయి, అదే ఊపు. ఇంట్లో పెల్లెట్ లేకుండా చేసే డ్రై ఫైరింగ్ కూడా ఇదే పని చేస్తుంది: పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకొని, మనుషులెవరూ రాని దిక్కున ఉన్న తెల్లటి గోడకు ఎదురుగా నిలబడి, ట్రిగ్గర్ పడిన క్షణంలో ఫ్రంట్ సైట్ కదిలిందా లేదా అన్నది మాత్రమే చూడాలి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అలసిన చేత్తో చేసే వంద కంటే శ్రద్ధతో చేసిన ముప్పై మేలు.

ఇదంతా ఒక చేతి నేర్పు అనుకునేవారికి నేను కరోలీ టకాచ్ గురించి చెబుతుంటాను. హంగరీకి చెందిన ఈ షూటర్ కుడిచేయి 1938లో గ్రెనేడ్ పేలి దెబ్బతింది. ఆయన ఎడమచేత్తో మళ్లీ మొదటి నుంచి నేర్చుకొని 1948లోనూ 1952లోనూ వేగంగా వరుస షాట్లు కొట్టే ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. ఎడమచేతికి అలవాటు కొత్తది కావచ్చు కానీ, సైట్లను చూడడం, వేలిని తొందరపడనివ్వకపోవడం అనే రెండూ ఆయనకు కొత్తవి కావు.

శ్వాస విషయంలో, పిస్టల్ ఎత్తేటప్పుడు పీల్చి, గురి ప్రాంతంలోకి దించేటప్పుడు కొంత వదిలి, మిగిలినదానితో ఆగడం చాలామంది పద్ధతి. అలా ఆగాక ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ రావాలి. అది దాటితే కండరాలు అలసి ఊపు పెరుగుతుంది. కన్ను కూడా తదేకంగా చూసి చూసి పాత చిత్రాన్నే నిలుపుకొని, సైట్లు కుదిరి లేకపోయినా కుదిరినట్టే చూపిస్తుంది. అప్పుడు చేయవలసింది కొట్టకుండానే పిస్టల్‌ను దించడం. కొత్తవారికి అత్యంత కష్టమైన పని ఇదే. ఎత్తిన ప్రతిసారీ కొట్టి తీరాలన్న ఒత్తిడి ఎవరూ పెట్టకుండానే మన మీద ఉంటుంది. నిజానికి షాట్‌కు సగటున 75 సెకన్లున్నాయి, ఒక్కో షాట్‌కు రెండుసార్లు దించినా సమయం సరిపోతుంది.

నా మొదటి పోటీలో ఈ లెక్క తెలిసి కూడా 60 షాట్లను 40 నిమిషాల్లో ముగించాను. దించవలసిన షాట్లన్నీ కొట్టేశాను, పక్క లేన్‌లో ట్రిగ్గర్ శబ్దం వినిపించిన ప్రతిసారీ నాదీ పేలింది. ఆ రాత్రి డైరీలో స్కోరు రాయకుండా, దించి ఉండవలసిన షాట్లను గుర్తుకు తెచ్చుకొని లెక్కపెట్టాను, పంతొమ్మిది వచ్చాయి. అప్పటి నుంచి నా డైరీలో ప్రతి సెషన్‌కు రెండు అంకెలే రాసుకుంటున్నాను: ఎన్నిసార్లు దించాను, ఎన్ని షాట్లు ఎక్కడ తగిలాయో మానిటర్ చూడకముందే సరిగ్గా చెప్పగలిగాను. ట్రిగ్గర్ పడిన క్షణంలో సైట్లు ఎక్కడున్నాయో నిజంగా చూసినవారికి షాట్ ఎక్కడ తగిలిందో చెప్పడం సాధ్యమే. చెప్పలేకపోతే, ఆ క్షణంలో చూపు టార్గెట్ మీదకు పారిపోయిందని అర్థం. స్కోరు రాసుకునేవారిని నేను తప్పుపట్టను, కానీ మొదటి ఏడాది స్కోరు కంటే ఈ రెండు అంకెలే ఎక్కువ చెబుతాయని నమ్ముతున్నాను. ప్రపంచ స్థాయిలో 600కు 580 కొట్టే షూటర్‌కు కూడా 60 షాట్లలో దాదాపు ఇరవై షాట్లు తొమ్మిదిలో పడతాయి. ఆ చేయి కూడా ఊగుతూనే ఉంటుంది.

మొన్నటి పోటీలో చివరి షాట్‌కు ఇంకా ఆరు నిమిషాలు మిగిలి ఉన్నాయి. మూడుసార్లు ఎత్తి మూడుసార్లూ దించాను, బల్ల మీద పిస్టల్ పెట్టి చేయి విదిలించుకున్నాను, పాదాలను చూసుకున్నాను. నాలుగోసారి సైట్లు కుదిరే ఉన్నాయి, చేయి మాత్రం పేలే క్షణంలో కొద్దిగా కుడికి జరుగుతూ కనిపించింది. మానిటర్ వైపు తల తిప్పకముందే కుడివైపు తొమ్మిది అని నాలో నేను అనుకున్నాను. తిప్పి చూస్తే అక్కడే ఉంది.