కాయితం యాడుంది?

బైబిల్లో రోమా పత్రిక 6వ అధ్యాయం 23వ వచనం నేను సండే స్కూల్లో బట్టీ పట్టాను. "పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము." తప్పు లేకుండా చెప్పినందుకు ఒక పెన్సిల్ ఇచ్చారు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. వరం గురించిన వచనం చెప్పి జీతం తెచ్చుకున్నాను.

ఆ వచనంలో "జీతం" అన్న మాట మా అవ్వకు మాత్రం వేరే తీరుగా వినబడేది. మనకు జీతమంటే ఒకటో తారీకున బ్యాంకులో పడేది. పాలమూరు పల్లెల్లో పాతవాళ్ళకు "జీతం ఉండడం" అంటే అప్పు కింద పటేలు ఇంట్లో ఏళ్ళకేళ్ళు పని చేయడం. కల్వకుర్తి దగ్గర ఒక ఊళ్ళో మా తాత అట్లాగే జీతం ఉన్నాడు, వాళ్ళ నాయన చేసిన అప్పుకు. తెల్లారకముందే పశువుల కొట్టం, తర్వాత మోట, పొద్దుగూకినంక మళ్ళీ కొట్టం. పండుగకు ఇచ్చిన జొన్నలూ బాకీలోనే కలిసేవి, జ్వరమొచ్చి పడుకున్న రోజులూ బాకీలోనే కలిసేవి. పాపం ఇచ్చే జీతం మరణం అంటే అవ్వకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ వాడిన గ్రీకు మాట సైనికులకు ఇచ్చే బత్తేనికి వాడేది. ఆ వాక్యం మొదలైన తీరు చూస్తే "నీతివలన వచ్చు జీతము నిత్యజీవము" అని ముగుస్తుందనుకుంటాం. పౌలు అట్లా రాయలేదు. జీతం లెక్కను మొదటి సగంలోనే వదిలేసి, రెండో సగంలో వరం అన్నాడు.

మనకు ఇబ్బంది ఆ వరంతోనే. ఊరికే తీసుకోవడం మనకు రాదు. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో నోటుబుక్కులో రాసుకుంటాం, వాళ్ళింట్లో పెళ్ళయితే అది తీసి చూస్తాం. దేవుని దగ్గరా అదే బుక్కు. శుక్రవారం ఉపవాసం ఒక కిస్తీ, దశమభాగం ఇంకో కిస్తీ. పైగా మన ముసలివాళ్ళు మిషనరీలను కూడా దొర అనే పిలిచారు. 1890లో నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ లాంటివాళ్ళు ఏ ఉద్దేశంతో వచ్చినా, దొర అన్న మాటకు వెనక ఒక లెక్కల పుస్తకం ఉంటుందని మనవాళ్ళకు తెలుసు. దేవుణ్ణి కూడా అట్లాంటి దొరగానే ఊహించుకున్నామేమో అని నాకు అనుమానం.

మొన్న ప్రార్థన కూడిక అయ్యాక ఒక అక్క అడిగింది: "నల్లా దగ్గర తోడికోడలిని నోటికొచ్చినట్టు తిట్టిన తమ్మీ. నా రక్షణ పోయినట్టేనా?" తిట్టడం తప్పే, పోయి ఆమెతో సమాధానపడాల్సిందే. కాని రక్షణ, అంటే పాపం నుండి విడుదల, పోయిందా అన్న ప్రశ్నకు నేను ఎఫెసీ 2:8 తీశాను. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." రక్షింపబడుదురేమో అని లేదు. "రక్షింపబడియున్నారు" అని ఉంది. గ్రీకులోనూ అంతే, జరిగిపోయి ఇప్పటికీ నిలిచి ఉన్న పనిని చెప్పే క్రియారూపం అది. యోహాను 10:28లో ప్రభువు తన గొర్రెలైన మన పట్టు గురించి చెప్పలేదు, తన చేతి గురించే చెప్పాడు: "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు." విశ్వాసం నుండి తప్పిపోయేవాళ్ళను హెచ్చరించే హెబ్రీ 6వ అధ్యాయం చూపించి నాతో వాదించేవాళ్ళున్నారు. ఆ హెచ్చరికను నేను తేలిగ్గా తీసుకోను. కాని తిట్టినందుకు ఏడుస్తున్న మనిషికి ముందుగా చూపించాల్సిన పేజీ అది కాదు.

మరి విశ్వాసం మన వంతు పని కాదా అంటారు కొందరు. మా తాత సంగతే చెప్తాను. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. అట్లాంటి బాకీలు ఇక ఎవరూ తీర్చనక్కర్లేదని అందులోనే ఉంది. ఆ సంగతి తాత చెవిన పడింది కూడా. అయినా రెండు పంటల కాలం పటేలు కొట్టానికి పోతూనే ఉన్నాడు, నమ్మలేక. ఒకరోజు నమ్మాడు, పోవడం మానేశాడు. ఆ నమ్మకం బాకీని తీర్చలేదు, అది ముందే రద్దయింది. నమ్మినందుకు తాత తన ఇంటి ముందర పొద్దెక్కేదాకా కూర్చోగలిగాడు, అంతే.

అవ్వకు మాత్రం దిగులు పోలేదు. తాత వేలిముద్ర వేసిన కాయితాన్ని పటేలు చింపగా ఎవరూ చూడలేదు. తాత పోయిన చాలా ఏళ్ళకు కూడా "ఆ కాయితం యాడుందో" అనేది, ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే.

ఒక డిసెంబరు 31 రాత్రి, ఆరాధనకు పోయే ముందు ఆమెకు కొలస్సీ 2:14 చదివాను. మనమీద ఋణముగా ఉన్న "పత్రమును మేకులతో సిలువకు కొట్టి, దానిమీది చేవ్రాతను తుడిచివేసి" అన్న దగ్గర నన్ను ఆపింది.

"మేకులు కొట్టిండా? అందరికీ కనవడేటట్టా?"

"అవునవ్వా."

"రాత కూడ తుడిచిండా?"

"తుడిచిండు."

కొంగు సర్దుకుని గోడకు ఆనుకుంది. "మళ్ళ సదువు బిడ్డా" అంది.