నోటుబుక్కులో పదకొండు కుక్కలు

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శినైన నెలలోనే వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. మూడో అంతస్తు టీచరమ్మగారు రోజూ రాత్రి సెల్లారు మెట్ల దగ్గర కుక్కలకు పెరుగన్నం పెడుతున్నారని, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు అక్కడికి రాగానే భయంతో ఆగిపోతున్నారని ఫిర్యాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని వీధికుక్కలు చంపిన దృశ్యాలను చూసిన హైదరాబాదులో ఆ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయలేము. అలాగని కుక్కలన్నింటినీ పట్టించి ఊరవతల వదిలేయాలన్న తీర్మానం మీద సంతకం పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

అసలు ఆ తీర్మానం చెల్లదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ సోకినవీ మనుషుల మీద పడేవీ తప్ప, మిగతావాటికి ఈ పద్ధతే వర్తిస్తుందన్నది. అన్నం పెట్టే చోటు మెట్లకు, రాకపోకల దారులకు, పిల్లల ఆటస్థలానికి దూరంగా ఉండేలా చూడటం సంఘం పని అని నిబంధనల్లోనే ఉంది. అంటే తప్పు టీచరమ్మగారిది కాదు, చోటు చూపించని మాది.

ఒక ఆదివారం తెల్లవారుజామున వాచ్‌మన్, నేను నోటుబుక్కు పట్టుకుని సందంతా తిరిగాము. పదకొండు కుక్కలు తేలాయి. ఆపరేషన్ అయినట్టు చెవికి గాటున్నవి ఆరే. మిగిలిన అయిదింటిలో మూడు ఆడవి. కుక్క చూలు రెండు నెలలే కాబట్టి, ఒక్క ఆడకుక్కను వదిలేసినా చేసిన పనంతా ఏడాది తిరిగేసరికి బూడిదలో పోసిన పన్నీరే.

కార్పొరేషన్ వ్యాను వచ్చిన రోజున, కుక్కలు వద్దని గ్రూపులో పేజీలు నింపినవాళ్ళ పిలుపుకు ఒక్కటీ దగ్గరకు రాలేదు. టీచరమ్మగారు గిన్నె మీద గరిటెతో రెండుసార్లు కొట్టగానే నాలుగు వచ్చి కూర్చున్నాయి. వలలో పడ్డ నల్లది అరుస్తుంటే ఆవిడ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ఆరో రోజున అది చెవికి గాటుతో, వెంట్రుకలు గొరిగిన పొట్టతో తిరిగివచ్చి నేరుగా ఆవిడ గుమ్మం ముందే పడుకుంది. ఇప్పుడు అన్నం బోరు మోటారు గది వెనుక, రాత్రి తొమ్మిదిన్నరకు. గిన్నెలు కడగడం పెట్టినవారి వంతు. మూలమీది చికెన్ దుకాణం వ్యర్థాల గొడవ మాత్రం తేలలేదు.

పెంపుడు కుక్కల టీకా కార్డులు కూడా తెమ్మన్నాను. తొమ్మిదింటిలో గడువు దాటనివి నాలుగే. దాటినవాటిలో మా లాబ్రడార్ కార్డు కూడా ఉందని సమావేశంలో నేనే చదవవలసి వచ్చింది.

ఆపరేషన్ కావలసిన వీధికుక్కల్లో అయిదోది, గోధుమరంగు కుంటిది, వ్యాను చప్పుడు వినగానే మాయమవుతోంది. నోటుబుక్కులో దాని గడి ఇంకా ఖాళీగానే ఉంది.