తోక కోసం 58 రోజులు

జూలైలో ఒక రాత్రి వానజల్లు లోపలికి కొడుతోందని కిటికీ రెక్క గబుక్కున లాగేశాను. బల్లి తోక తెగి గట్టు మీద పడింది. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు, ట్యూబ్‌లైటు దగ్గర బల్లులకేం కొదవ? బల్లి పారిపోయింది గానీ తోక ఒకటే గిలగిల. ఏడో తరగతి చదివే మావాడు అన్నం ముందునుంచి లేచొచ్చాడు.

"మళ్లీ వస్తుందామ్మా?"

వస్తుందన్నాను. ఎన్నాళ్లకంటే చెప్పలేకపోయాను. అలా మొదలైంది.

దాన్ని గుర్తుపట్టడం సులువే. ముందు కుడికాలికి ఒక వేలు లేదు, ఎప్పటి దెబ్బో. కొలవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. గోడకి స్కేలు అంటించాం, అది పక్కకొస్తేగా! చివరికి ఫోటోలు తీసి, మూతి నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుతో పోల్చి లెక్కేశాం. ఎదిగిన బల్లికి అది పెద్దగా మారదు కదా. "దాన్నొగ్గేయమ్మా, మీద పడితే తలస్నానం చెయ్యాలి" అని అత్తయ్య గొణుగుడు.

మొదటి 9 రోజులూ ఏమీ లేదు. 12వ రోజుకి నల్లటి మొటిమలా కనిపించింది. నాలుగో వారంలో చూస్తుండగానే సాగింది, తర్వాత మందగించింది. 58వ రోజుకి తోక ఉంది. కాస్త పొట్టి, మచ్చల్లేవు, అతుకేసినట్టుంది.

నిజంగా అతుకే. లోపల వెన్నుపూసలు రావు, మృదులాస్థి (మెత్తటి ఎముకలాంటిది) గొట్టం ఒకటి వస్తుంది. అసలు తోక తెగేది పూసల్లో ముందే ఉన్న బలహీనమైన గీతల దగ్గర. కొత్తదాంట్లో అవుండవు. మళ్లీ వదిలించుకోవాలంటే మిగిలిన పాత ముక్కలోంచే.

సలమాండర్ సంగతి వేరు. చూడ్డానికి బల్లే, వరసకి కప్పల చుట్టం. వైజాగ్‌లో లేదు, డార్జిలింగ్ కొండల్లో ఉంది. 1768లోనే ఇటలీలో స్పాలంజానీ అనే శాస్త్రవేత్త వాటి తోకలూ కాళ్లూ కోస్తే మళ్లీ వచ్చాయని రాశాడు. గాయం మీద చర్మం కమ్ముకున్నాక కింద కణాలు మొగ్గకట్టి, పూసలు, వెన్నుపాము, కండలతో సహా తోక పెరుగుతుంది.

"అయితే దానికి వేలు కూడా వచ్చేదా?" అన్నాడు మావాడు.

వచ్చేదే. మా బల్లికి రాలేదు. అయినా వాడు ఇంకో నెల ఫోటోలు తీశాడు. స్కేలు ఇప్పటికీ గోడ మీదే ఉంది, పీకితే పెయింటు ఊడొస్తుందని మా ఆయన ముట్టుకోనివ్వరు.