తంబురా వెనక నుంచి

పుష్య బహుళ పంచమి దగ్గర పడితే మా విజయనగరంలో ఎవరో ఒకరు నాకు ఫోను చేస్తారు, ఆరాధనలో తంబురా వేయడానికి వస్తావా అని. 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి అది. పాడమని మాత్రం అడగరు. నా గొంతు సంగతి ఊరందరికీ తెలుసు, నాకు బెంగ కూడా లేదు. తంబురా దగ్గర కూర్చుంటే పాడేవారి ముఖం కనిపించదు, వీపు కనిపిస్తుంది. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో, ఎక్కడ దాచుకున్నారో తెలిసిపోతుంది. ఇన్నేళ్ళుగా గమనించింది ఒకటే: మనకు కన్నీళ్ళు తెప్పించేవారు తాము ఏడవరు. ఏడిస్తే శ్రుతి జారుతుంది.

ఈసారి ఒకావిడ స్వామివారి 'మోక్షము గలదా' కీర్తన అందుకున్నారు. సారమతి రాగం. ఎక్కేటప్పుడు ఏడు స్వరాలూ వరసగా ఉంటాయి, దిగేటప్పుడు పంచమం, రిషభం, అంటే ప, రి ఉండవు. చీకట్లో మెట్లు దిగుతుంటే ఉండవలసిన మెట్టు కాలికి తగలకపోతే గుండె ఝల్లుమంటుందే, అలాంటి రాగం. పైగా ఆవిడకు తొందర లేదు. మధ్యమం (మ) నుంచి గాంధారానికి (గ) జారి అక్కడే నిలబడ్డారు. షడ్జం (స) ఎప్పుడిస్తారా అని మేమంతా కాచుకున్నాం. మృదంగం ఆయన కూడా చేయి తేలిక చేశారు.

ముందు వరసలో మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. చీపురుపల్లి దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, సరిగమలు చెప్పమంటే నవ్వేస్తుంది. తమాషా ఏమిటంటే, సద్భక్తితో కూడిన సంగీత జ్ఞానం లేనివారికి మోక్షం ఉందా అని అడిగే కీర్తన అది! స్వామివారిని కాదనేంతటిదాన్ని కాను గానీ, అమ్మను చూస్తూ ఆ మాట ఒప్పుకోవడం కష్టమైంది. మా ఊళ్ళో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన గజ్జె కట్టి హరికథ చెబుతుంటే కూర్చుని విన్న జనంలో రాగలక్షణం తెలిసినవారు ఎందరుంటారు?

ఆటోలో వస్తూ అమ్మకు ఆ కీర్తన అర్థం చెప్పాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. కాసేపు ఆలోచించి, "అది పాడేవాళ్ళను భయపెట్టడానికి రాసి ఉంటారమ్మా. వినేవాళ్ళ జోలికి ఆయనెందుకు వస్తారు?" అంది.

తర్వాత, ఆవిడ మళ్ళీ ఎక్కడ పాడతారో కనుక్కోమంది.