గట్టు తెగితే నీరు ఎటు? కోనసీమ వరద పటాల పనిలో నా అనుభవం

మొదట నా చేతికి వచ్చిన వరద పటంలో నీలం రంగు గోదావరి ఏటిగట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. గట్టుకు ఇవతల, కోనసీమ వైపు, అంతా తెలుపే. తెలుపు అంటే ముప్పు లేదని అర్థం. వరద మట్టం కంటే గట్టు ఎత్తుగా ఉంది కాబట్టి నీరు ఇవతలికి రాదని లెక్క. కానీ 2006 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 28.5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు శానపల్లిలంక, మొండెపులంక దగ్గర గట్లు తెగాయి. ఆ నీళ్లలో ఉన్నవాళ్ల ముందు ఈ తెల్లరంగు పటం ఎలా పెట్టగలం? పటం చూసి బడికి స్థలం ఎంచేవారు ఉంటారు, ఇంటి పునాది ఎత్తు నిర్ణయించుకునేవారు ఉంటారు. గట్టు ఎన్నటికీ తెగదని ముందే ఒప్పుకొని గీసిన పటం వాళ్లకు లేనిపోని ధైర్యం ఇస్తుంది.

జలవనరుల ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేసి, వరద నీటి నడకను కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనాల పనిలో చేరిన నాకు అప్పగించింది ఆ తెలుపును పరీక్షించే పని: గట్టు ఫలానా చోట, ఫలానా సమయంలో తెగితే నీరు ఎటు వెళ్తుంది, ఎంత లోతు నిలుస్తుంది, ఏ ఊరికి ఎన్ని గంటల్లో చేరుతుంది. ఈ పని చేపట్టేవారు మన దగ్గర ఇంకా చాలామంది కావాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా డెల్టా నేల తీరు అర్థం కావాలి. వేల ఏళ్లుగా నది తెచ్చిన ఒండ్రు ఎక్కువగా ఒడ్డు దగ్గరే దిగబడింది. అందువల్ల ఒడ్డు ఎత్తు, లోపలికి వెళ్లేకొద్దీ పల్లం. లోయలో పారే నదికి వరద తగ్గితే నీరు తిరిగి నదిలోకే జారుతుంది. కోనసీమలో గండి పడిందంటే ఆ నీరు వెనక్కి రాదు. చేల మీదుగా పల్లానికి పారి, చేల మురుగు నీటిని తీసుకెళ్లే డ్రెయిన్లలో చేరి, సముద్రం దారి పట్టాలి. కాబట్టి నదిని ఎంత బాగా లెక్క కట్టినా సగం పనే అయినట్టు. గట్టు వెనక నేల ఎత్తుపల్లాలు అడుగు తేడా కూడా లేకుండా తెలియాలి.

ఇక్కడే కొబ్బరి చెట్లు అడ్డుపడ్డాయి. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల సమాచారం ముప్పై మీటర్ల గడులలో ఉంటుంది. ఆ ఎత్తులు కొలిచే రాడార్ తరంగాలు చాలావరకు చెట్ల తలల నుంచే తిరిగి వెళ్తాయి. కోనసీమ తోటల మీద ఆ సమాచారం పరిస్తే, నిజానికి సముద్ర మట్టానికి మూడు నాలుగు మీటర్ల ఎత్తున్న నేల చిన్నపాటి గుట్టలా కనిపిస్తుంది. నమూనాలో నీరు ఆ లేని గుట్టను చుట్టుకొని పోతుంది. చెట్లనూ ఇళ్లనూ తీసేసి సవరించిన ఫాబ్‌డెమ్ అనే ఎత్తుల పటాన్ని 2022లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విడుదల చేశారు. అది చాలా మేలు, అయినా చాలదు. ఏటిగట్టు పైభాగం వెడల్పు ముప్పై మీటర్ల గడిలో కలిసిపోతుంది. కాలువ గట్లు, పంచాయతీ రోడ్లు, 216వ నంబరు జాతీయ రహదారి కట్ట, వీటిలో ఏదీ సరిగా కనిపించదు. గండి నీటిని నిజంగా ఆపేవీ మళ్లించేవీ అవే. అందుకని ఉపగ్రహ స్థాన పరికరం (జీపీఎస్ లాంటిది) పట్టుకొని గట్ల వెంట, రోడ్ల వెంట నడిచి మట్టాలు తీసుకున్నాం. ప్రతి కల్వర్టు, ప్రతి తూము కొలిచాం. ఎండలో విసుగు పుట్టించే పని. మొత్తం అధ్యయనంలో ఎక్కువ విలువైన పని కూడా అదేనని నా నమ్మకం.

ఇక అసలు ప్రశ్న: ఎక్కడ తెగుతుంది?

పుస్తకం చెప్పే సులభమైన జవాబు, నీరు గట్టు మీదుగా పొర్లిన చోట. గట్టు పైమట్టం గీత, వరద మట్టం గీత పక్కపక్కన పెడితే ఆ చోట్లు వెంటనే తెలుస్తాయి. కానీ గట్టు తెగాలంటే నీరు పొర్లే దాకా ఆగనక్కర్లేదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ నది కట్ట తెగిన రోజు ప్రవాహం సుమారు 1.44 లక్షల క్యూసెక్కులు మాత్రమే. ఆ కట్టలను కట్టిందేమో తొమ్మిది లక్షలకు పైగా క్యూసెక్కుల ప్రవాహాన్ని తట్టుకోవాలని. ప్రవాహం కట్టను కోసేసింది, బిహార్‌లో లక్షల మంది నిర్వాసితులయ్యారు. కట్ట ఎత్తును మాత్రమే చూసే లెక్కకు కుసహా ఎప్పటికీ దొరికేది కాదు.

గట్టు గురించి నాకు ఎక్కువగా నేర్పింది ఆ గట్టు మీదే ఉద్యోగ జీవితం గడిపి విరమించిన ఒక లస్కరు, అంటే గట్టును కనిపెట్టుకొని ఉండే ఉద్యోగి. ఆయన్ను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఆయనతో నడుస్తుంటే గట్టు ఎత్తు మీదికి చూపు పోయేది కాదు, ఇవతలి పాదం మీదే ఉండేది.

“పైకి చూడకండి అమ్మాయిగారూ, గట్టు కింద చూడండి. వరద మీద ఉన్నప్పుడు ఇవతల ఊట తేటగా వస్తే భయం లేదు. మట్టి కలిసి బురదగా వచ్చిందంటే లోపల గట్టు కరుగుతోందని గుర్తు. ఆ రాత్రి ఎవరూ నిద్రపోకూడదు.”

లోపలి ఊట మట్టి రేణువులను లాక్కొచ్చి గట్టులో సొరంగం చేయడాన్ని మేం పేజీలకు పేజీలు చదువుకున్నాం. ఆయన రెండు వాక్యాల్లో చెప్పారు. ఇంకా చాలా చూపించారు. తూము గోడకూ గట్టు మట్టికీ మధ్య అతుకు, అక్కడే నీరు దారి వెతుక్కుంటుందట. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొరియలు. ట్రాక్టర్లు ఎక్కీ దిగీ గట్టు అరిగిపోయిన ర్యాంపులు. నది వంపు తిరిగే చోట ప్రవాహం నేరుగా వచ్చి కొట్టి రాతి కట్టడం కుంగిన భాగాలు. పూర్వం గండి పడి పూడ్చిన చోటు వెనక ఇప్పటికీ నిలిచి ఉన్న లోతైన మడుగు. ఆ మడుగు పక్కన గట్టుకు ఇవతలి ఆసరా తక్కువ, ఊటకు దారి దగ్గర.

అలా నా జాబితాలో మూడు రకాల గండ్లు చేరాయి: పొర్లి తెగేవి, ఊటతో తెగేవి, కోతతో తెగేవి. పొర్లే గండికి ట్రిగ్గర్ నీటి మట్టం. ఊట గండికి మట్టం ఒక్కటే చాలదు, ఆ మట్టం ఎన్ని గంటలు నిలిచిందన్నదీ చూడాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతటి గోదావరి వరద ఒక రాత్రిలో వచ్చిపోయేది కాదు, మట్టం రోజుల తరబడి పైనే ఉండి గట్టు నానిపోతుంది. ఆ వరద ఎక్కి దిగిన తీరునూ, 2006 నాటిదాన్నీ, 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదనూ నమూనాకు ఇచ్చాం. వాడింది అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఉచితంగా ఇచ్చే హెచ్‌ఈసీ-రాస్ అనే సాఫ్ట్‌వేర్.

గండి ఎంత వెడల్పు, ఎంత వేగంగా పెరుగుతుందన్నది తరువాతి చిక్కు. ఎక్కువగా చలామణిలో ఉన్న సూత్రాలు డ్యాములు తెగిన ఉదాహరణల నుంచి వచ్చినవి. జలాశయం తెగితే ఖాళీ అవుతుంది, నీటి తల (గండి అడుగు మీద నిలిచిన నీటి ఎత్తు) తగ్గుతుంది, గండి పెరగడం ఆగుతుంది. నది అలా ఖాళీ కాదు. డచ్ వాళ్లు గట్ల కోసమే వాడే వెర్‌హై, వాన్ డెర్ నాప్‌ల సూత్రంలో నీటి మట్టాల తేడా, గట్టు మట్టి ఇసుకా బంకమన్నా అన్నవి రెండూ ఉంటాయి. దాన్ని ఆధారం చేసుకొని, ఒక్క అంకెకు కట్టుబడకుండా 50, 100, 200 మీటర్ల వెడల్పులతో విడివిడిగా నడిపాం. మన గట్లలో మట్టి ఊరికో రకం, ఒక్కో కాలంలో ఒక్కో చోటి నుంచి తెచ్చి పోసింది. దానికి ఒకే అంకె ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. వంద మీటర్ల గండి, దాని మీద మూడు మీటర్ల నీటి తల. వెనక నీరు ఎదురు నిలవనంత వరకు స్థూలంగా 30 వేల క్యూసెక్కులు ఇవతలికి వస్తాయి. ఒక రోజు అలాగే సాగితే 2.6 టీఎంసీలు. పన్నెండు వేల ఎకరాల మీద సమంగా పరిస్తే ఐదడుగుల నీరు. మరి నదిలో ఉన్నదో? లక్షల క్యూసెక్కులు. గండి వల్ల గోదావరి మట్టం తగ్గేది నామమాత్రం. చిన్న ఏరుల్లో ఒక గండి పడితే దిగువ గట్టుకు ఊరట దొరుకుతుంది. ఇక్కడ ఆ ఆశ లేదు. ఒకచోట తెగింది కాబట్టి పక్క ఊరి గట్టు గస్తీ వదిలేయవచ్చని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. మా నమూనాలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన ఫలితం ఇదే, దీన్ని ప్రతి సమావేశంలోనూ చెబుతూ వచ్చాను.

కంప్యూటర్ పని గురించి ఎక్కువ చెప్పను. గండి దగ్గర గడులు చిన్నవి చేయాలి, ఒక లెక్కకూ తరువాతి లెక్కకూ మధ్య కాలపు అంగ సెకన్లలోకి తగ్గించాలి, లేకపోతే లెక్క ఊగిపోతుంది. ఓపిక ఉంటే కుదురుతుంది.

ఫలితాలు నిజమో కాదో తేల్చుకోవడం మాత్రం అంత సులభం కాలేదు. 2022 నాటి సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రాలు లంకల మీద, వరి చేల మీద బాగా సరిపోయాయి. తోటల కింద నిలిచిన నీరు ఆ రాడార్‌కు సరిగా ఆనదు, పైన ఆకులే కనిపిస్తాయి. 2006కి ఆ ఉపగ్రహమే లేదు. అందుకని ఊళ్లలో అడిగాం. జనం మీటర్లలో చెప్పరు. “మా అరుగు మునిగి గడప దాకా వచ్చిందండి”, “కిటికీ కింది చెక్క తడిసింది”, “నడుం లోతులో పిల్లల్ని భుజాల మీద పెట్టుకొని వచ్చాం.” ఆ అరుగులకూ గడపలకూ కిటికీలకూ మట్టాలు కొలిచి నమూనాతో పోల్చాం. చాలాచోట్ల జానెడు లోపల కలిశాయి. ఒక కాలువకు అవతల మాత్రం నమూనా నీరు చూపలేదు, జనం మాత్రం మునిగామన్నారు. వెళ్లి చూస్తే అక్కడి కాలువ గట్టు ఒకచోట అరిగి పల్లమైంది. ఆ మట్టం చేర్చాక నమూనాలోనూ నీరు కాలువ దాటింది. కాలువ గట్టు రెండో రక్షణ అవుతుంది నిజమే. దానికి ఇవతల నీరు పేరుకొని లోతు పెరుగుతుంది, అదే దాటిందా, అవతలి ఊళ్లకు కొద్ది గంటల వ్యవధే మిగులుతుంది.

పటాలు గీసే దగ్గర అభిప్రాయ భేదం వచ్చింది. అన్ని గండ్ల ఫలితాలూ కలిపి, ప్రతి చోటా గరిష్ఠ లోతు చూపిస్తూ ఒకే పటం ఇవ్వాలని పైవారి కోరిక. స్థలాల అనుమతులకు అది పనికొస్తుంది, కాదనను. కానీ రాత్రి గండి పడినప్పుడు తహశీల్దారుకు కావలసింది అది కాదు. ఈ గండికి ఏ ఊరు ముందు, ఏ ఊరు తరువాత, ఏ రోడ్డు ఎప్పటిదాకా ఆరి ఉంటుందన్నది కావాలి. వాదించి గండికో పటం చేయించాం. లోతుతో పాటు నీరు చేరే గంటలు వేశాం. లోతును వేగంతో గుణించి వచ్చే ప్రమాద స్థాయి కూడా వేశాం. ఆస్ట్రేలియా మార్గదర్శకాల ప్రకారం లోతు మీటర్లలో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకుంటే ఆ లబ్ధం 0.6 దాటినా, లోతు 1.2 మీటర్లు దాటినా పెద్దవాళ్లు కూడా నడవలేరు. గండి నోటి దగ్గరి ఇళ్లకు వేరే రంగు పెట్టాం, అక్కడ ఇంట్లోనే ఉండి మేడ ఎక్కమని చెప్పకూడదు. గండ్లకు ఊరి పేర్లు పెట్టకుండా గట్టు మైలు నంబర్లే వాడాం. నేనూ ఇక్కడ ఆ ఊళ్ల పేర్లు రాయడం లేదు. ఊహించిన గండి పక్కన పేరు పడితే ఆ ఊరి జనం అకారణంగా హడలిపోతారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లతో విజయవాడ సింగ్‌నగర్ మునిగాక ఇలాంటి పటాలు ఎందుకని అడిగేవారు తగ్గారు.

పటాలు పంచాయతీల్లో చూపించినప్పుడు ఒక మహిళా రైతు లేచి, “మనుషులు సరేనండి, పశువులను ఎక్కడికి తోలాలి?” అని అడిగారు. వరద వస్తే పశువులతో సహా జనం ఎక్కేది ఏటిగట్టు మీదికే. తెగబోయే గట్టు మీద వాళ్లను ఉంచలేం, వేరే ఎత్తు నేల ఊరికి దగ్గరలో లేదు. ఆమె రెండో ప్రశ్న, నీరు ఎన్ని రోజులకు దిగుతుందని. వారం దాటితే వరి నారు కుళ్లుతుంది. డ్రెయిన్లు సముద్రంలో కలిసే చోట అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, అప్పుడు మురుగు వెనక్కి ఎగదన్నుతుంది. ఆ పోటు మట్టాలు పెట్టి, గండి పూడ్చాక మరో పదిహేను రోజుల దాకా నమూనాను నడుపుతున్నాం. పశువుల కోసం ఎత్తు చేయదగిన బంజరు స్థలాల జాబితా పంచాయతీలు ఇస్తున్నాయి, వాటిలో గండి నీరు దారి పట్టే చోట ఉన్నవాటిని తీసేయడం ఈ నెల పని.