సిలోయము గోపురం, సెప్టెంబర్ 11

సెప్టెంబర్ 11 అమెరికాలో సెలవు కాదు. ఆఫీసులు నడుస్తాయి, పిల్లలు బడికి వెళ్తారు, న్యూజెర్సీలోని జర్నల్ స్క్వేర్ నుంచి న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి పాత్ (PATH) రైళ్ళు ఎప్పటిలాగే తిరుగుతాయి. జెండాలు మాత్రం సగానికి దిగి ఉంటాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళకు ఆ రోజు బరువు తెలియకపోవడానికి ఇదే కారణం. సెలవు లేదు కాబట్టి మామూలు రోజే అనుకుంటారు, 8:45కి స్టాండప్ మీటింగ్ పెట్టుకుంటారు, నిమిషం తిరగకుండానే అవతలివాళ్ళంతా ఎందుకు మాట ఆపేశారో అర్థం కాక తికమకపడతారు. న్యూయార్క్, న్యూజెర్సీ చుట్టుపక్కల పనిచేసే తెలుగు క్రైస్తవులు ఆ రోజు ఆఫీసులో ఎలా మెలగాలో, ఆ వారం తెలుగు సంఘంలో ఆరాధన ఎలా నడుపుకోవాలో ముందుగా తెలిసి ఉంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ముందు సమయాలు తెలుసుకోవాలి. 2001లో అది మంగళవారం. ఉగ్రవాదులు నాలుగు ప్రయాణికుల విమానాలను హైజాక్ చేశారు. ఉదయం 8:46కు మొదటి విమానం వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌ను ఢీకొట్టింది. 9:03కు రెండోది దక్షిణ టవర్‌ను, 9:37కు మూడోది వాషింగ్టన్ పక్కనే ఉన్న రక్షణశాఖ కేంద్రం పెంటగాన్‌ను గుద్దుకున్నాయి. 9:59కు దక్షిణ టవర్ కూలింది. 10:03కు నాలుగో విమానం పెన్సిల్వేనియాలో షాంక్స్‌విల్ దగ్గర బయలులో పడిపోయింది. 10:28కు ఉత్తర టవర్ కూడా కూలింది. న్యూయార్క్ స్మారక సభలో ఈ ఆరు సమయాల్లోనూ మౌనం పాటిస్తారు. దాడి చేసినవాళ్ళను వదిలేస్తే చనిపోయినవారు 2,977 మంది, అందులో న్యూయార్క్‌లోనే 2,753. 1993లో అదే చోట బాంబు దాడిలో పోయిన ఆరుగురిని కలిపి మొత్తం 2,983 పేర్లు కుటుంబాలవాళ్ళు ఇద్దరిద్దరుగా నిలబడి చదువుతారు. పేరుకు ఐదు సెకన్లు లెక్కేసినా నాలుగు గంటలు దాటుతుంది. 8:46 అంటే మన ఊళ్ళో సాయంత్రం 6:16.

ఆఫీసు సంగతి. 8:30 నుంచి 9:15 దాకా మీటింగు పెట్టకపోతే మేలు. తప్పనిసరైతే 8:46కు ఒక నిమిషం ఆపుతామని ఇన్వైట్‌లోనే రాసిపెట్టాలి. క్యాలెండర్‌లో ‘పేట్రియట్ డే’ అని కనబడుతుంది గనుక పండుగ అనుకుని టీమ్ గ్రూపులో శుభాకాంక్షలు పెట్టేసేవారున్నారు. అది చాలా నొప్పించే పొరపాటు. ‘అప్పుడు మీరెక్కడున్నారు’ అని మనంతట మనం అడగకూడదు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. చెబుతుంటే మధ్యలో మన దేశంలో జరిగిన దాడులు తెచ్చి పోల్చకుండా చివరిదాకా వినాలి. ‘మీ కోసం ప్రార్థిస్తాను’ అని మాట ఇస్తే ఆ మనిషి పేరు, పోయినవారి పేరు రాసుకోవాలి. ఇచ్చిన మాట మరిచిపోయేది అక్కడే.

ఇన్నేళ్ళయింది కదా అనుకోవద్దు. న్యూయార్క్‌లో పోయినవారిలో సుమారు 1,100 మంది అవశేషాలు ఇంతవరకు గుర్తించలేకపోయారు. నగర మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం డీఎన్‌ఏ పరీక్షలు ఇంకా చేస్తూనే ఉంది. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ దుమ్ము పీల్చి క్యాన్సర్లతో, ఊపిరితిత్తుల జబ్బులతో తర్వాత పోయిన సిబ్బంది లెక్క ఆ సంఖ్యను దాటిపోయింది. అన్నకు సమాధి కూడా లేని మనిషి మన పక్క సీట్లోనే కూర్చుని ఉండవచ్చు.

ఇక వాక్యం. ఆ ఆదివారం ప్రసంగించేవాళ్ళు మొట్టమొదట తెరవాల్సింది లూకా 13వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు. పిలాతు కొందరు గలిలయుల రక్తాన్ని వాళ్ళ బలులతో కలిపిన వార్త యేసు దగ్గరికి తెస్తారు. ఆయన దానికి ఇంకో వార్త జోడిస్తాడు: ‘సిలోయములోని గోపురము పడి చచ్చిన ఆ పదునెనిమిదిమంది’. ఒకటి అధికారం చేసిన హత్య, రెండోది ఉన్నట్టుండి కూలిన కట్టడం. రెంటికీ ఆయన జవాబు ఒక్కటే: వాళ్ళు మిగతావారికంటే పాపులా? కాదు. ఆ తర్వాత చెప్పిన మారుమనస్సు మాట బతికి వింటున్నవాళ్ళకు చెప్పినది. పోయినవాళ్ళు ఎందుకు పోయారన్న వివరణగా దాన్ని వాడితే ఆ వచనం తలకిందులవుతుంది. మన ప్రసంగాల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ‘అమెరికా దేవుణ్ణి విడిచింది, అందుకే టవర్లు కూలాయి’ అని ఒక్క వాక్యం చాలు, ఆ గదిలో కూర్చున్న ఆతిథ్య సంఘంవాళ్ళ (మనకు భవనం ఇచ్చిన అమెరికన్ చర్చివాళ్ళ) గుండె గాయపడడానికి.

వాట్సాప్‌లో ఏటా తిరిగేది ఇంకొకటి ఉంది: యెషయా 30:25లో ‘గోపురములు పడు’ దినం గురించి ఉంది గనుక ఇది ముందే రాసిన ప్రవచనమని. ఆ అధ్యాయం మొత్తం చదివితే అది ఐగుప్తు సహాయం మీద ఆశపెట్టుకున్న యూదాతో మాట్లాడుతున్నదని, అష్షూరు పడిపోవడం గురించి చెబుతున్నదని తెలుస్తుంది. అలాంటివి ఫార్వర్డ్ చేయడం ఆపేయాలి. గ్రూపులో పెద్దవాళ్ళు పంపితే అందరి ముందు సరిదిద్దకుండా విడిగా ఫోన్ చేసి చెబితే వింటారు.

జాతి విషాదాన్ని ఏటేటా గుర్తుచేసుకోవడం బైబిల్లో లేని సంగతి కాదు. యెరూషలేము కూలినందుకు యూదులు అయిదవ నెలలో ఉపవాసముండేవారు. ఈనాటికీ ఆ రోజున నేలమీద కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. అయిదు అధ్యాయాలు. మొదటిదానిలో, రెండోదానిలో, నాలుగోదానిలో 22 వచనాలు, హెబ్రీ అక్షరమాల వరసలో ఒక్కో అక్షరానికి ఒకటి. మూడోదానిలో అక్షరానికి మూడేసి, మొత్తం 66. దుఃఖాన్ని ‘అ’ నుంచి ‘హ’ దాకా ఏదీ వదలకుండా చెప్పుకున్నట్టు. మనం మాత్రం 3:23 ఒక్కటే పట్టుకుంటాం: ‘అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది’. ఇళ్ళల్లో గోడ క్యాలెండర్ల మీద ఉండే వచనం. దానికి ముందున్న ఇరవై వచనాల చీకటి చదవకుండా ఆ ఒక్కటి చదివితే ఓదార్పు తొందరపడి వచ్చినట్టుంటుంది. ఆరాధనలో మొదటి వచనం నుంచి 33 దాకా చదవాలి. తెలుగులో నిదానంగా చదివితే అయిదు నిమిషాల లోపే.

తెలుగు సంఘాలు చాలావరకు అమెరికన్ చర్చి భవనంలో ఆదివారం మధ్యాహ్నం అద్దెకు కూడుకుంటాయి. రెండు గంటల కూడికలో ఈ జ్ఞాపక భాగానికి 25 నిమిషాలు చాలు. దాన్ని మొదట్లోనే పెట్టాలి. ప్రకటనలు, పుట్టినరోజుల తర్వాత పెడితే ఎవరి మనసూ అందులోకి దిగదు. 130వ కీర్తన ఎనిమిదే వచనాలు, ఇద్దరు మార్చి మార్చి చదవవచ్చు. తర్వాత విలాపవాక్యములు. తర్వాత గంట. న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో విధి నిర్వహణలో ఒకరు చనిపోతే టెలిగ్రాఫ్ కాలం నుంచి ఉన్న సంకేతం 5-5-5-5: ఐదు దెబ్బలు, కొంచెం ఆగి మళ్ళీ ఐదు, అలా నాలుగుసార్లు. భవనంలో గంట ఉంటే ఆతిథ్య సంఘాన్ని అడిగి అదే వరసలో కొట్టవచ్చు. లేకపోతే చిన్న చేతిగంటైనా సరిపోతుంది. కొట్టేవాళ్ళు ముందురోజు ఒకసారి లెక్క సరిచూసుకోవాలి. మూడో వరసలో తప్పడం మామూలే.

ఆపైన మౌనం. దీన్ని చెడగొట్టేవి మూడు. నడిపించేవాళ్ళు పదిహేను సెకన్లకే ఓపిక చాలక ప్రార్థన మొదలుపెడతారు. అందుకే గడియారం చేతిలో పట్టుకుని పూర్తి 60 సెకన్లు చూడాలి. కీబోర్డు దగ్గరున్న తమ్ముడు, ప్రార్థన వెనక సంగీతం అలవాటు కాబట్టి, తెలియకుండానే మెల్లగా ఒక స్వరం పట్టుకుని ఉంచుతాడు. అతనికి ముందే చెప్పి కీబోర్డు ఆపించాలి. ఎవరో ఒకరు ‘స్తోత్రం’ అని గట్టిగా అంటారు. ఆ రోజు మౌనమే మన స్తోత్రమని మొదట ఒక ముక్క చెబితే సరిపోతుంది. యోబు స్నేహితులు అతనితో నేలమీద ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే దేవుని కోపానికి గురయ్యారు.

2,983 పేర్లు సంఘంలో చదవడం కుదరదు. షాంక్స్‌విల్‌లో పడిన విమానంలోని 40 మంది పేర్లు మూడు నాలుగు నిమిషాల్లో చదవవచ్చు. ఉచ్చారణ తెలిసిన మన పిల్లలచేత, హైస్కూలు వయసు వాళ్ళచేత చదివిస్తే బాగుంటుంది. విజ్ఞాపన ప్రార్థన ఒక్కరికే అప్పగిస్తే ఇరవై నిమిషాలు పోతుంది. నలుగురికి ఒక్కో అంశం, ఒక్కో నిమిషం ఇవ్వాలి: పోయినవారి కుటుంబాలు, జబ్బుపడిన సహాయక సిబ్బంది, తర్వాతి యుద్ధాల్లో పోయిన సైనికులూ ఆయా దేశాల ప్రజలూ, ఆ దాడుల తర్వాత కక్షకు గురైన ముస్లింలు, సిక్కులు. ప్రొజెక్టర్ మీద టవర్లు కూలే వీడియో వేయవద్దు. చిన్నపిల్లలుంటారు, కళ్ళారా చూసినవాళ్ళూ ఉండవచ్చు.

ఆ ప్రార్థనలోని నాలుగో అంశాన్ని పక్కన పెడదామనే సంఘాలున్నాయి. పెట్టకూడదు. బబులోను చెర తర్వాత బేతేలువారు వచ్చి, ఇన్నేళ్ళుగా చేస్తున్నట్టు అయిదవ నెలలో ఇంకా ఏడుస్తూ ఉండాలా అని అడిగితే, జెకర్యా 7వ అధ్యాయంలో దేవుని జవాబు ఉపవాసం దగ్గర ఆగదు. విధవరాలిని, తండ్రిలేనివారిని, పరదేశిని, దరిద్రుణ్ణి బాధపెట్టవద్దంటుంది. ఆ వరసలో పరదేశి ఉన్నాడు, అంటే మనమున్నాం. 2001 సెప్టెంబర్ 15న అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును ఆయన పెట్రోల్ బంకు ముందే కాల్చి చంపారు, తలపాగా చూసి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును ఇరానీయుడనుకుని కాల్చి చంపారు. ముస్లింల మీద ద్వేషం పలికే ప్రార్థన మన మైకులోంచి వస్తే, అది మన గుమ్మంలోకే తిరిగి వస్తుంది.

స్మారక స్థలానికి వెళ్ళాలనుకునేవాళ్ళకు: ఆ ఉదయం ఆవరణ కుటుంబాలకే. మామూలు జనాన్ని మధ్యాహ్నం తర్వాత అనుమతిస్తారు, సమయం ఏటా చూసుకోవాలి. టవర్లు నిలిచిన చోట రెండు కొలనులున్నాయి, ఒక్కోటి దాదాపు ఎకరం, 30 అడుగుల లోతుకు నీళ్ళు జారుతుంటాయి. చుట్టూ కంచు పలకల మీద పేర్లు. పలకలకు ఉత్తర కొలనులో ఎన్-1 నుంచి ఎన్-76, దక్షిణ కొలనులో ఎస్-1 నుంచి ఎస్-76 అని అంకెలుంటాయి. అక్షరక్రమం ఉండదు. కలిసి పనిచేసినవాళ్ళు, కలిసి ప్రయాణించినవాళ్ళు పక్కపక్కన ఉంటారు కాబట్టి అంకె తెలియకుండా వెతకలేం. అక్షరాలు పలకను చీల్చుకుంటూ కోసి ఉంటాయి. ఆ రోజు పుట్టినరోజైన మనిషి పేరులోని సందులో ఒక తెల్ల గులాబీ కాడ గుచ్చి ఉంటుంది. కొందరు స్త్రీల పేరు తర్వాత, కడుపులోని బిడ్డ కూడా అని చెక్కి ఉంటుంది. ఆ పలకల మీద బ్యాగు, కాఫీ కప్పు ఆనించవద్దు.

పక్కనే బ్రాడ్‌వే మీద 1766లో తెరిచిన సెయింట్ పాల్స్ చాపెల్. అంత దగ్గరున్నా అది నిలబడింది. తర్వాత ఎనిమిది నెలలకు పైగా శిథిలాల్లో పనిచేసినవాళ్ళకు రాత్రింబగళ్ళు తెరిచే ఉంచారు. వేడి అంతా ఇంతా కాదు, శిథిలాల్లో నిప్పు డిసెంబరు దాకా ఆరలేదు. బూట్లలో కాళ్ళు కమిలిపోయి వచ్చేవారు. 1789లో జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న బల్ల దగ్గర పాదాల వైద్యులు వాళ్ళ కాళ్ళకు మందు రాశారు. యేసు శిష్యుల పాదాలు కడిగిన యోహాను 13 మీద ప్రసంగం చెప్పేవాళ్ళకు ఇంతకంటే చూపించగలిగేది లేదు.

2009 నుంచి ఈ రోజు జాతీయ సేవా దినం కూడా. ఫైర్ స్టేషన్‌కు ఏదైనా ఇవ్వాలనుకుంటే ముందు ఫోన్ చేసి అడగాలి, ఇంట్లో వండినవాటికంటే సీలు వేసినవే నయం. రక్తదానం అయితే మనవాళ్ళు తరచూ వెనక్కి తిరిగి వస్తారు. కారణం మలేరియా నిబంధన. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్ళివస్తే 3 నెలలు, అలాంటి దేశంలో ఏళ్ళ తరబడి ఉండి కొత్తగా వచ్చినవారైతే 3 ఏళ్ళు ఆగాలి. వేసవి సెలవులకు ఊరెళ్ళి ఆగస్టులో తిరిగొచ్చినవాళ్ళు సెప్టెంబరులో ఇవ్వలేకపోవడం అందుకే. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12.5, పురుషులకు 13 ఉండాలి. ఒకసారి ఇచ్చాక మళ్ళీ 56 రోజులు ఆగాలి. శిబిరం పెట్టే సంఘం పేర్లు రాసుకునేటప్పుడే ఈ నాలుగు ప్రశ్నలూ అడిగితే వచ్చి వెనక్కి తిరిగేవాళ్ళు చాలావరకు తగ్గుతారు. ఇవ్వలేనివాళ్ళకూ అక్కడ పనుంటుంది: పేర్లు రాయడం, బల్లలు సర్దడం, రక్తం ఇచ్చి వచ్చినవాళ్ళను పదిహేను నిమిషాలు లేవనివ్వకుండా కూర్చోబెట్టి జ్యూసు, బిస్కెట్లు చేతికివ్వడం.