రోడ్‌స్టరా జీటీ-ఆరా, తమ్ముడితో తేలని పంచాయితీ

మా తమ్ముడికి గ్రాన్ టూరిస్మో 7 అనే కార్ రేసింగ్ వీడియో గేమ్‌లో నిస్సాన్ జీటీ-ఆర్ తప్ప ఇంకో కారు కంటికి ఆనదు. గరాజ్‌లో ఎన్ని కార్లున్నా వాడు నేరుగా వెళ్ళి దాని మీదే వాలతాడు. నాకేమో మజ్దా రోడ్‌స్టర్ అంటే పిచ్చి, ఎన్‌డీ మోడల్, అదీ అన్నిటికన్నా తక్కువ గ్రేడ్ అయిన ఎస్. "అన్నా, 131 హార్స్‌పవర్ కారేసుకుని రేసులేంటి నువ్వు, సైకిలోడు కూడా హారన్ కొట్టి పక్కకి జరగమంటాడు" అని రోజూ ఒకటే నస. ఇలా కాదని మొన్న శని ఆదివారాలు రెండూ పెట్టుకుని, నాలుగైదు కార్లు ఒకే ట్రాక్ మీద ఒకే పద్ధతిలో తిప్పి చూశా. చూసిందే రాస్తున్నా.

ట్రాక్ జపాన్‌లోని త్సుకుబా. చిన్నది, మొత్తం 2.045 కిలోమీటర్లు, రెండు హెయిర్‌పిన్‌లు (వెనక్కి తిరిగిపోయినంత ఇరుకు మలుపులు), వెనక ఒక స్ట్రెయిట్, దాని చివర ఎంతకీ అవ్వని పొడవాటి కుడి మలుపు. చిన్న ట్రాక్ ఎందుకంటే తప్పు చేస్తే నిమిషంలో మళ్ళీ అదే మలుపుకి వచ్చేస్తాం, ఇందాక ఏం చేశామో చేతికి ఇంకా గుర్తుంటుంది. అన్ని కార్లకీ గేమ్‌లో స్పోర్ట్స్ హార్డ్ అనే రకం టైర్లు, మిగతాదంతా కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే, ట్యూనింగ్ లేదు. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) డిఫాల్ట్, టీసీఎస్ (పవర్ ఎక్కువై చక్రాలు ఉత్తినే తిరక్కుండా ఆపేది) సున్నా, గేర్లు మాన్యువల్. ఒక్కో కారుకి పన్నెండు ల్యాపులు, మొదటి రెండు లెక్కలోకి రావు.

ఇక్కడే తమ్ముడితో మొదటి గొడవ. వాడు బెస్ట్ ల్యాప్ చూద్దామంటాడు, నేను సగటు చూద్దామన్నా. కాసేపు అరుచుకున్నాక రెండూ రాద్దామని ఒప్పుకున్నాం, అప్పుడు నాకు తట్టిందేంటంటే అసలు చూడాల్సింది ఆ రెండిటి మధ్య తేడా. బెస్ట్ ల్యాప్ ఆ కారు నా చేతిలో ఎంత దూరం పోగలదో చెప్తుంది, సగటు అది రోజూ ఎంత ఇస్తుందో చెప్తుంది, మధ్యలో గ్యాప్ ఎక్కువుంటే ఆ బెస్ట్ ల్యాప్ గాలివాటంగా వచ్చిందన్నట్టు. నాలాంటి మామూలు ప్లేయర్‌కి రివ్యూలో కావాల్సింది ఆ గ్యాపే.

శనివారం టెస్ట్ మొత్తం చెత్తబుట్టలోకి పోయిందని కూడా ఒప్పుకోవాలి. మూడు కార్లు నడిపి బుక్‌లో సీరియస్‌గా నోట్స్ రాసుకున్నా, "రోడ్‌స్టర్ స్ట్రెయిట్‌లో కొంచెం ఎడమకి లాగుతోంది, సస్పెన్షన్ మెత్తదనం వల్ల కావచ్చు", "ఇంటెగ్రా కూడా ఎడమకే, ముందు చక్రాల టార్క్ వల్ల కావచ్చు" అని ఒక్కో కారుకి ఒక్కో థియరీ. నాలుగో కారు కూడా ఎడమకే లాగేసరికి అనుమానమొచ్చి మెనూలో కర్సర్ చూస్తే అది కూడా ఎడమకే జారుతోంది. కంట్రోలర్ స్టిక్ పోయింది! తమ్ముడు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆదివారం వాడి కంట్రోలర్ తీసుకుని మళ్ళీ మొదట్నుంచీ.

రోడ్‌స్టర్ సంగతి. 1.5 లీటర్ ఇంజిన్, 131 హార్స్‌పవర్, బరువు 990 కేజీలు. ఈ కార్ల గుంపులో ఇదే బక్కది. ఎస్ గ్రేడ్‌లో వెనక స్టెబిలైజర్ బార్ (కారు ఒరగకుండా ఆపే కడ్డీ) ఉండదు, ఎల్ఎస్‌డీ (పవరంతా ఒకే చక్రానికి పోకుండా రెండిటికీ పంచేది) కూడా ఉండదు, గేమ్‌లో ఆ రెండిటి లోటూ తెలుస్తుంది. మలుపులోకి దింపగానే బాడీ ఒక పక్కకి బాగా ఒరుగుతుంది, మొదట్లో భయమేస్తుంది కానీ అలా ఒరగడమే మనకి సమాచారం, బయటివైపు టైరు మీద ఎంత బరువు పడిందో కంటితో చూసి చెప్పొచ్చు. హెయిర్‌పిన్ బయటికి వస్తూ యాక్సిలరేటర్ కాస్త ముందు నొక్కామా, లోపలివైపు వెనక చక్రం ఉత్తినే గిర్రున తిరుగుతుంది, ఎల్ఎస్‌డీ లేకపోతే జరిగేది అదే, పవరంతా తేలిపోయిన చక్రానికే పోతుంది. ఉన్న 131 లో సగం అక్కడే పొగైపోతే ఇక వెనక స్ట్రెయిట్ అంతా కూర్చుని బాధపడటమే, ఎందుకంటే ఈ కారులో పోగొట్టుకున్న స్పీడు మళ్ళీ సంపాదించడానికి ఇంజిన్‌లో సరుకు లేదు. అందుకే దీన్ని నడిపేవాడు బ్రేక్ పొదుపుగా వాడటం నేర్చుకుంటాడు. ఆ చివరి పొడవాటి మలుపు ఉంది చూశారూ, అక్కడ బ్రేక్‌ని ఒక్కసారి అలా తాకి వదిలి, ముక్కు లోపలికి తిరిగే వరకు ఓపిగ్గా ఆగి, ఆ తర్వాత యాక్సిలరేటర్‌ని మెల్లగా తెరుచుకుంటూ పోతే వచ్చే మజా నాకు వేరే ఏ కారులోనూ రాలేదు. బెస్ట్‌కీ సగటుకీ గ్యాప్ అర సెకను లోపే.

నేనైతే ఈ లెక్కలో రోడ్‌స్టరే గెలుస్తుందని ఫిక్స్ అయిపోయా. కానీ గెలిచింది అది కాదు.

హోండా ఇంటెగ్రా టైప్ ఆర్, డీసీ2. తొంభైల నాటి కారు, 1.8 లీటర్, టర్బో లేకుండానే 200 హార్స్‌పవర్, అది కూడా 8,000 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపు, ముక్కు తిరగదు, యాక్సిలరేటర్ నొక్కితే బయటికి పోతుంది అనే అపోహ. దీనికి ముందు చక్రాలకి ఎల్ఎస్‌డీ ఉంది, దాంతో కథ మొత్తం మారిపోయింది. మలుపు మధ్యలో కొంచెం బయటికి పోతున్నట్టు అనిపిస్తే భయపడి యాక్సిలరేటర్ వదిలేయకుండా ఇంకాస్త నొక్కితే, అది తనంతట తాను లోపలికి లాక్కుంటుంది. మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు, ఐదో ల్యాప్‌కి అలవాటైపోయింది. వెనక భాగం కూడా చాలా తేలిక, స్టీరింగ్ తిప్పి ఉండగా యాక్సిలరేటర్ ఠక్కున వదిలితే బరువంతా ముందుకు పడి వెనకాల జారుతుంది, హెయిర్‌పిన్‌లో ముక్కు తిప్పుకోవడానికి అదే పనికొస్తుంది. కాకపోతే దీన్ని ఆటోమేటిక్ గేర్లలో నడిపి రివ్యూ చెప్పకండి ప్లీజ్. వీటెక్, అంటే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇంజిన్ వాల్వులని ఇంకాస్త ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు, రెండో క్యామ్‌కి మారేది దాదాపు 6,000 దగ్గర, ఆటోమేటిక్ పెడితే నా ఆటలో అది చాలాసార్లు పై గేరులోనే ఉండిపోయి రివ్స్ ఆ గీత కిందకి పడిపోయేవి, అప్పుడు ఇది మామూలు ఆఫీసు కారు. మాన్యువల్‌లో రెండో గేరు పట్టుకుని బయటికొస్తే ఆ 6,000 దాటగానే సౌండ్ ఒక్కసారిగా మారి గొంతు చించుకుని అరుస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. పది ల్యాపులూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. గ్యాప్ రోడ్‌స్టర్ కన్నా తక్కువ. నాకు కొంచెం మనసు చివుక్కుమంది, నిజం చెప్పాలంటే.

టయోటా 86, జీఆర్86 రెండూ వరసగా నడిపా, అన్నదమ్ముల్ని పక్కపక్కన నిలబెట్టినట్టు. పాతదానిలో 2.0 లీటర్ ఇంజిన్, 200 హార్స్‌పవర్, కొత్తదానిలో 2.4 లీటర్, 235. ఈ 35 చూసి ఇంతేనా అనుకుంటాం కానీ అసలు తేడా టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర దొరుకుతుందన్న దాంట్లో. పాతది పూర్తి టార్క్ ఇవ్వాలంటే 6,400 దాకా పోవాలి, మధ్యలో 4,000 దగ్గర ఒక గుంట, అక్కడ ఇంజిన్ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినట్టు ఉంటుంది. కొత్తది 3,700 కే మొత్తం టార్క్ చేతిలో పెడుతుంది. రెండో హెయిర్‌పిన్‌లో గేరు తప్పు పడితే పాత 86 శిక్ష వేస్తుంది, కొత్తది క్షమించేస్తుంది. కొనేవాళ్ళకి నా మాట కొత్తదే, పెద్దగా ఆలోచించక్కర్లేదు. కానీ టీసీఎస్ సున్నాలో ఆ టార్కే వెనక నుంచి తోసి నన్ను చివరి మలుపులో రెండుసార్లు గిరగిరా తిప్పింది, గ్యాప్ పెరగడానికి ఆ రెండే కారణం.

ఇక వాడి జీటీ-ఆర్. ఆర్35, 2017 మోడల్, 3.8 లీటర్ ట్విన్ టర్బో, 570 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ పవర్, బరువు 1,750 కేజీల పైనే. అంటే రోడ్‌స్టర్‌లు దాదాపు రెండు కలిపి కట్టినంత. ల్యాప్ టైంలో పోలికే అనవసరం, మిగతా అన్నిటినీ సెకన్ల కొద్దీ ఉతికేసింది, అందులో డౌట్ లేదు, తమ్ముడు వెనకాల నిలబడి ఈలలు కూడా వేశాడు. కానీ నడుపుతుంటే నాకు చేతులు చెమటలు. ఎందుకంటే టైర్ల విషయంలో ఒక పాడు సూత్రం ఉంది, బరువు రెట్టింపైతే గ్రిప్ రెట్టింపు అవ్వదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అదే స్పోర్ట్స్ హార్డ్ రబ్బరు రోడ్‌స్టర్ కింద ఉన్నప్పుడు హాయిగా ఉంది, దీని కింద పెట్టేసరికి మొదటి హెయిర్‌పిన్‌లో ముందు చక్రాలు కేకలు పెడుతూ నేరుగా ఇసుకలోకి. పైగా స్ట్రెయిట్ చివర స్పీడు ఎక్కువ కాబట్టి బ్రేక్ పాయింట్ ముందే వచ్చేస్తుంది, నా కాలు... అదే, నా వేలు ఇంకా రోడ్‌స్టర్ బ్రేక్ పాయింట్ దగ్గరే ఉంది. దీనికి వేరే పద్ధతి: ముందే బ్రేక్ కొట్టి, మలుపుని గుండ్రంగా కాకుండా వి ఆకారంలో తీసుకుని, కారు సూటిగా అవ్వగానే మొత్తం నొక్కెయ్యడం. అప్పుడు ఆ నాలుగు చక్రాలూ పట్టుకుని విసిరేస్తాయి బయటికి, ఆ విసురు మాత్రం నిజంగా వేరే లెవెల్. నా గ్యాప్ సెకనున్నర దాటింది.

ఇంకో ముక్క, ఈ కారు నిజం డాష్‌బోర్డులో జీ-ఫోర్సులూ బూస్ట్ ప్రెషరూ చూపించే ఆ స్క్రీన్ డిజైన్ చేసింది ఈ గేమ్ తయారుచేసిన పాలిఫోనీ డిజిటల్ వాళ్ళే. తమ్ముడికి ఇది చెప్పి తప్పు చేశా, "చూశావా, గేమ్ చేసినోళ్ళకే ఇష్టమైన కారు" అని రెండ్రోజులు నా బుర్ర తిన్నాడు.

పీపీ నంబర్ (గేమ్ ప్రతి కారుకీ ఇచ్చే పర్ఫార్మెన్స్ పాయింట్లు) గురించి రెండు మాటలు. చాలామంది ఆ నంబర్ చూసి ఎక్కువున్నదే మంచి కారు అనుకుంటారు. టైర్లు మార్చినా అది మారుతుంది, డౌన్‌ఫోర్స్ మార్చినా మారుతుంది, అంటే అది కారు మార్కు కాదు, ఆ సెటప్‌తో ఆ కారు ఎంత వేగంగా పోవచ్చో వేసిన అంచనా. రేసుకి లిమిట్ పెట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది. మలుపులో వెనకాల జారబోతుంటే ముందే చెప్తుందా, చెప్పకుండా జారుతుందా అన్నది మాత్రం ఆ అంకెలో ఎక్కడా ఉండదు.

తర్వాత వాడి కోరిక మీద నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ కూడా వెళ్ళాం, 20.8 కిలోమీటర్ల ట్రాక్. చివర్లో డాటింగర్ హోహె అని పొడవాటి స్ట్రెయిట్ ఉంటుంది, అక్కడ రోడ్‌స్టర్‌లో వెళ్తుంటే మధ్యలో లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు అనిపిస్తుంది. అక్కడ నేను నోరు మూసుకున్నా, త్సుకుబాలో వేసిన లెక్క ఈ ట్రాక్ మీద చెల్లదని నాకే తెలుస్తోంది.

అన్నీ అయ్యాక నా టేబుల్ తీసుకెళ్ళి తమ్ముడికి చూపించా. ఇంటెగ్రా ఫస్ట్, రోడ్‌స్టర్ సెకండ్, జీటీ-ఆర్ లాస్ట్. వాడు రెండు నిమిషాలు చూసి ఏం మాట్లాడకుండా కంట్రోలర్ లాక్కుని జీటీ-ఆర్ వేసుకుని పన్నెండు ల్యాపులు కొట్టాడు. వాడి గ్యాప్ నా ఇంటెగ్రా గ్యాప్ కన్నా తక్కువ వచ్చింది. "నెలల తరబడి దీన్నే నడుపుతున్నా కదన్నా, నువ్వు నిన్న మొదలుపెట్టి దానికి లాస్ట్ ర్యాంక్ ఇస్తే ఎట్లా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఏ కారుకైనా కనీసం వంద ల్యాపులు అయ్యాకే గ్యాప్ కొలవాలేమో, అలా అయితే ఈ రివ్యూ పూర్తయ్యేసరికి గ్రాన్ టూరిస్మో 8 వచ్చేస్తుంది.

పోర్షె 911 కూడా లిస్టులో ఉంది, ఇంజిన్ వెనక చక్రాల ఇరుసుకి కూడా వెనకాల వేలాడుతూ ఉంటుంది దానికి, బ్రేక్ కొంచెం త్వరగా వదిలితే ముక్కు తేలిపోతుంది, ఆలస్యంగా వదిలితే తోక ముందుకొస్తుంది. పన్నెండు ల్యాపుల్లో ఐదే పూర్తి చేశా కాబట్టి దాని మీద రాసే అర్హత నాకింకా రాలేదు.

చివరికి వాణ్ణి బతిమాలి రోడ్‌స్టర్ ఎక్కించా, ఒక్క ల్యాప్ చాలురా అని. మొదటి హెయిర్‌పిన్‌కి జీటీ-ఆర్ స్టైల్లో వెళ్ళి, స్టీరింగ్ తిప్పి ఉండగానే బ్రేక్ గట్టిగా గుద్దాడు, వెనకాల తేలిపోయి కారు ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చిన దారి వైపే చూస్తూ ఆగింది. కాసేపు స్క్రీన్ వంక చూసి, "టైర్లు బాలేవన్నా దీనికి" అన్నాడు.

అన్నిటికీ అవే టైర్లు.